నాలుగు చక్రాలూ ఒక తాడూ

షార్షెనాలి రాత్రి తన చేత్తో బిగించిన నట్టును పొద్దున మళ్ళీ బిగించి చూస్తాడు. మధ్యలో ఎవరొచ్చి వదులు చేస్తారయ్యా అని అడిగితే "చలి" అంటాడు. ఒక్క చలినే కాదు. పెట్రోలు పోసేవాణ్ణి నమ్మడు, వాతావరణం చెప్పే రేడియోను నమ్మడు, భార్య జూరా కట్టిచ్చిన రొట్టెల మూటను కూడా ఒకసారి విప్పి చూసుకుని గానీ సీటు కింద పెట్టడు. మా కోక్-దోబోలో ఆయన పేరు "ఇంకోసారి చూద్దాం షార్షె". ఎదురుగానే అంటారు. ఆయన పట్టించుకోడు. అన్నవాడి ఉద్దేశం ఏమిటా అని మాత్రం ఒక క్షణం ఆలోచిస్తాడు.

కిజిల్-బెల్ కనుమకు ఇవతల మా ఊరు, అవతల టాష్-బులాక్. మంచు పడ్డాక ఆ కనుమ మీదుగా మనుషుల్ని దాటించడం ఆయన బతుకుతెరువు. బండి రష్యావాళ్ళ కాలంనాటి ఉవాజ్ జీపు. దానికి ముందు చక్రాలు ఊరికే లాగవు. దిగి, రెండు ముందు చక్రాల మధ్యనున్న మూతల్ని చేత్తో తిప్పి బిగించి, ఆ తర్వాత లోపల మీట వేస్తేనే నాలుగు చక్రాలకూ ప్రాణం వస్తుంది. కనుమ మొదట్లో ఆయన దిగి ఆ మూతలు తిప్పుతుంటే, లోపల కూర్చున్నవాళ్ళు కాళ్ళు కొట్టుకుంటూ తిట్టుకోవడం మా ఊరి చలికాలపు అలవాటు.

బయల్దేరే ముందు ఎవరో ఒక తెల్లగడ్డం పెద్దాయన అరచేతులు చాచి దీవెన చెబుతాడు, అందరూ "ఓమిన్" అని ముఖం తుడుచుకుంటారు. ఇక బండి దానంతటదే కనుమ దాటుతుందని మా వాళ్ళ ధీమా. దీవెన మంచిదే, ఖర్చు లేనిది. కానీ ఇప్పటిదాకా ఏ దీవెనా ఏ టైరుకూ పట్టు ఇవ్వలేదు. లోయలో పడివున్న తుప్పు బండ్లన్నీ దీవెన తీసుకునే బయల్దేరాయి. షార్షెనాలి కూడా ముఖం తుడుచుకుంటాడు, అయితే గొలుసులు చక్రాలకు చుట్టాక.

కనుమ నెత్తిన, దిగుడు మొదలయ్యేచోట ఆయన తప్పకుండా బండి ఆపుతాడు. దిగి మలుపు అవతలికి నడిచి కాసేపు కనిపించకుండా పోతాడు. దీని మీద ఊళ్ళో బోలెడు కథలు. రాయి వెనక సీసా దాచాడని కొందరు, అక్కడ ఫోనుకు సిగ్నలు వస్తుంది కాబట్టి ఎవరితోనో మాట్లాడుతున్నాడని కొందరు. ఈ కథలు జూరా చెవినా పడ్డాయి. చివరికి పొరుగింటి సాతీబాల్ది, స్కూలు కాపలాదారు, మనిషి మంచి లావు, పిల్లిలా వెనకే వెళ్ళి చూశాడు. షార్షెనాలి రోడ్డు మీద బోర్లా పడుకుని, చెంప మంచుకు ఆనించి, ఒక కన్ను మూసి ఉన్నాడట. సాతీబాల్ది పరుగున వచ్చి "నమాజు చేస్తున్నాడు!" అని చెప్పాడు. ఊరు ఒక వారం పాటు ఆయనకు ఎక్కువ గౌరవం ఇచ్చింది. నిజానికి ఆయన చూసింది రోడ్డు మెరుపు. నిలబడి చూస్తే తెల్లగా కనిపించే మంచు, నేలబారుగా చూస్తే ఎక్కడ గాజులా మెరుస్తుందో అక్కడ మోసం ఉందని ఆయన లెక్క.

"ఎక్కడం బండి పని. దిగడం డ్రైవరు పని," అనేవాడు. "నాలుగు చక్రాలు లాగుతాయంటే పైకి తీసుకుపోతాయని అర్థం. ఆపుతాయని ఎవడు చెప్పాడు? ఆగేటప్పుడు అన్ని బండ్లూ ఒకటే."

ఇలా ఉండగా టాష్-బులాక్ నుంచి తుమోన్‌బాయ్ దిగాడు. జపాను నుంచి తెప్పించిన తెల్లటి పెద్ద బండి, కుడిచేతి స్టీరింగు, లోపల వెచ్చగా మెత్తటి సీట్లు. షార్షెనాలి గంటల తరబడి దాటించే కనుమను అతను పాట రెండుసార్లు పాడేలోపు దాటించేవాడు. ఒకసారి సంతలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"మీట తిప్పితే చాలు బైకే," అన్నాడు తుమోన్‌బాయ్. తనకంటే పెద్దవాణ్ణి బైకే అనడంలో మర్యాద ఎంతుందో, చురక కూడా అంతే ఉంది. "దిగడాలు, మూతలు తిప్పడాలు ఏమీ ఉండవు. అన్నీ అదే చూసుకుంటుంది."

"ఏం చూసుకుంటుంది?"

"మంచు."

"కళ్ళున్నాయా దానికి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, మరుసటి వారం అదే బండి ఎక్కారు. జనం అంతే. ఉవాజులో ఇప్పుడు గొర్రెలూ, బొగ్గు బస్తాలూ, తెల్లబండిలో వాంతి చేసుకుని సిగ్గుపడ్డ ఒక ముసలమ్మా మిగిలారు.

ఆ శరదృతువులోనే పెళ్ళి మాట వచ్చింది. షార్షెనాలి కూతురు ఐజార్కీన్‌ను తుమోన్‌బాయ్ మేనల్లుడు ఇష్టపడ్డాడు. పిల్లా ఇష్టపడింది. పిల్లవాడి తల్లి కాలిపా, తుమోన్‌బాయ్‌కి అక్క, పెద్ద గొంతు మనిషి. సంబంధం ఖాయమైనట్టు పిల్ల చెవులకు కమ్మలు పెట్టి వెళ్ళింది. షార్షెనాలి సరేనన్నాడు గానీ, అన్న తీరు ఎవరికీ నచ్చలేదు. కనుమ దారిని పూర్తిగా తన చేతిలోకి తీసుకోవడానికే తుమోన్‌బాయ్ ఈ సంబంధం తెచ్చాడని ఆయన అనుమానం. పిల్లను ఇవ్వడం మనసులో లేదని కాలిపా అనుమానం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకే పళ్ళెంలో మాంసం తింటూ, ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

పెళ్ళి చలికాలం నడుమ పడింది. ముందురోజు ఎండ కాసి మంచు కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి, తెల్లారి పైన పల్చగా కొత్త మంచు చల్లింది. అంటే గాజు మీద పిండి. షార్షెనాలి లేవగానే ఆకాశం వంక చూసి, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా ఉవాజు నాలుగు చక్రాలకూ గొలుసులు చుట్టాడు. పెళ్ళికూతురి వెంట తండ్రి వెళ్ళడు మా వాళ్ళలో. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

పిల్లను బండెక్కించారు. జూరా కూతుర్ని సాగనంపే ఏడుపుపాట అందుకుంది. తెల్లబండి కదిలేసరికి ఆనవాయితీ ప్రకారం మా ఆడవాళ్ళు గేటు దగ్గర రోడ్డుకు అడ్డంగా తాడు పట్టారు. కానుక ఇస్తేనే దారి. తుమోన్‌బాయ్ బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. చదునైన సందులో, నడక వేగంలో, చక్రాలు బిగుసుకునే ముందుకు జారి, తాడును ముక్కుతో తోసుకుంటూ వెళ్ళి అప్పుడు ఆగింది. ఆడవాళ్ళు కేకలు వేసి పక్కకు గెంతారు. అందరూ పడీపడీ నవ్వారు. తుమోన్‌బాయ్ కిటికీలోంచి రుమాళ్ళూ మిఠాయిలూ పంచాడు.

షార్షెనాలి నవ్వలేదు. వంగి టైరు మీద గోరు గుచ్చి చూశాడు. గోరు దిగలేదు.

"ఏం బైకే, గుర్రం పళ్ళు చూస్తున్నారా?" అన్నాడు తుమోన్‌బాయ్.

"గుర్రమైతే పళ్ళు చాలు. దీనికి డెక్కలు చూడాలి. ఇవి ఎండాకాలపు టైర్లు."

"అన్ని కాలాలవీ!"

"అన్ని కాలాలకూ పనికొచ్చేది చలికాలానికి పనికిరాదు. నోరు చూపించు, తాగావా?"

తుమోన్‌బాయ్ తాగలేదు. నోరు తెరిచి ఆయన ముఖం మీద ఊదాడు కూడా. ఇంత అవమానం పెళ్ళిబండి దగ్గర జరిగిందని ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. వెనకాల నాలుగైదు బండ్ల ఊరేగింపుతో, హారన్లు మోగించుకుంటూ, తెల్లబండి వెళ్ళిపోయింది.

షార్షెనాలి మాత్రం సందులో బండి జారిన గీతల దగ్గరే నిలబడిపోయాడు. ఇక్కడ తాడు పట్టారు. అక్కడా పడతారు. టాష్-బులాక్ ఆడవాళ్ళు తాడు పట్టేది ఎప్పుడూ వంతెన దగ్గరే, ఊరి మొదట్లో. కనుమ చివరి దిగుడు నేరుగా వచ్చి ఆ వంతెన మీదే పడుతుంది. పక్కనున్న ఊటనీరు రోడ్డు మీదకు పారి గడ్డకడుతుంది. కొండనీడ, ఎండ తగలదు. చదునులోనే ఆగని బండి అక్కడ ఎలా ఆగుతుంది? తాడు వెనక మనుషులు ఉంటారు. బండిలో కూతురు ఉంటుంది.

ఫోను తీసి కాలిపాకు చేశాడు.

"వియ్యపురాలా, వంతెన దగ్గర తాడు వద్దు. మీ గుమ్మం ముందు పట్టండి, ఇంకా కావాలంటే రెండు పట్టండి."

"ఎందుకొద్దు?"

"బండి ఆగదు."

"మా తమ్ముడి బండి ఆగదా? మీ ఇనపపెట్టె ఆగుతుంది గానీ మా బండి ఆగదా?"

"ఏ బండీ ఆగదమ్మా అక్కడ. జారుతుంది."

"మొన్న నేను నడిచాను ఆ దారిలో, జారలేదే! ఇదిగో వియ్యంకుడా, పిల్లను ఇవ్వడం ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పాల్సింది. నా కోడలు వచ్చే దారిలో సరదా కూడా వద్దంటావా? తాడు వంతెన దగ్గరే. ఇంకొకరి చేత కాదు, నేనే నడిమధ్య నిలబడి పట్టుకుంటా. చూస్తా ఎవడు ఆగడో!"

ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తుమోన్‌బాయ్ ఫోను అప్పటికే కొండల్లోకి వెళ్ళిపోయింది, మోగలేదు. హెచ్చరించబోయి పరిస్థితిని ఇంకా చెడగొట్టడం అనుమానపు మనుషులకు తరచూ జరిగేదే. వాళ్ళ మాటను ఎదుటివాళ్ళూ అనుమానంతోనే వింటారు.

ఉవాజు తలుపు తీస్తుంటే జూరా అడ్డం వచ్చింది.

"ఎక్కడికి? పెళ్ళిబండి దారికి అడ్డం పోతావా? తండ్రి వెనకే తరుముకొచ్చాడంటే అది ఏ ముఖంతో ఆ ఇంట్లో టీ పోస్తుంది? రాయి పడ్డచోటే బరువు, పిల్ల వెళ్ళిన ఇంట్లోనే విలువ. వదిలెయ్."

"టీ పొయ్యడానికి ముఖం అంటూ మిగలాలి కదా."

"నిజం చెప్పు. పిల్ల మీద భయమా, తుమోన్‌బాయ్ మీద కడుపుమంటా?"

షార్షెనాలి తలుపు పూర్తిగా తీశాడు. "రెండూ," అన్నాడు. "తప్పుకో."

వెనక బరువుంటేనే జీపు మంచును పట్టుకుంటుంది. ఇసుక బస్తాలు వెతికే తీరిక లేదు. పళ్ళెం ముందు కూర్చుని నూనెలో వేయించిన బోర్సోకులు నములుతున్న సాతీబాల్దిని చెయ్యి పట్టి లేపాడు.

"ఎక్కు."

"నేనెందుకు బైకే?"

"రెండు బస్తాల బరువున్నావు. వెనక కూర్చో, కదలకు."

ఇక్కణ్ణుంచి జరిగిందానికి సాక్షి సాతీబాల్ది. అతని మాటల్లో సగం తీసేసి చెబుతున్నాను.

గొలుసులతో ఉవాజు ఎడ్లబండి కంటే కాస్త నయం. పెళ్ళివాళ్ళను అందుకునే ఆశ ఒక్కటే, కనుమ నెత్తినున్న పీరు సమాధి. అక్కడ అందరూ దిగుతారు, ప్రార్థన చేస్తారు, వీడియోవాడు పిల్లనూ పిల్లవాణ్ణీ మంచులో నిలబెట్టి తిప్పుతాడు. ఎక్కుతున్నంతసేపూ షార్షెనాలి రోడ్డు మీద తెల్లబండి జాడలు చూస్తూనే ఉన్నాడు. ఎక్కడైనా చక్రం గిర్రున తిరిగిన గుర్తుంటుందేమోనని. లేదు. బండి దారంలా ఎక్కింది.

"బాగానే ఎక్కింది కదా బైకే," అన్నాడు సాతీబాల్ది.

"అదే నా భయం. బాగా ఎక్కినవాడే నిర్లక్ష్యంగా దిగుతాడు."

నెత్తిన పెళ్ళివాళ్ళు అరచేతులు చాచి నిలబడి ఉన్నారు. ఉవాజు గొలుసుల మోతతో వాళ్ళ పక్కనుంచి, ఆగకుండా, ముఖం తుడుచుకోకుండా, పెళ్ళిబండిని దాటి ముందుకు వెళ్ళిపోయింది. పీరు ముందు ఆగని బండిని, పెళ్ళికూతురి దారికి అడ్డం వచ్చిన తండ్రిని మా రెండూళ్ళూ ఎరగవు. సగం ప్రార్థనలో చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయట. "పిల్లను వెనక్కి తీసుకుపోతాడు!" అని ఎవరో అరిచారు. తుమోన్‌బాయ్ అందరినీ బండ్లలోకి తోసి బయల్దేరాడు.

ఆ ఒక్కరోజే షార్షెనాలి దిగి రోడ్డుకు చెంప ఆనించలేదు. తక్కువ వేగపు మీట వేసి, మొదటి గేరులో పెట్టి, బ్రేకు మీంచీ క్లచ్చి మీంచీ కాళ్ళు తీసేశాడు. ఇంజను మూలుగుతూ బండిని తనే పట్టి ఆపుతూ దించుతోంది. ముసలి గుర్రం దిగినట్టు దిగుతున్నారు. ఇరుకు దారి, దాటే చోటు లేదు. వెనకాల తెల్లబండి, దాని వెనక మిగతా బండ్లు, అందరి హారన్లు.

"వెనకవాడు మన మీదికి వచ్చేస్తున్నాడు!" అన్నాడు సాతీబాల్ది.

షార్షెనాలి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దూరంగా ఉండు, దూరంగా ఉండు అని ఊపాడు. తనను కుక్కలా అదిలిస్తున్నాడనుకుని తుమోన్‌బాయ్ ఇంకా దగ్గరకొచ్చాడు.

చివరి మలుపు తిరగగానే వంతెన కనిపించింది. ఎర్రగుడ్డలు కట్టిన తాడు, దాని వెనక రంగురంగుల రుమాళ్ళ ఆడవాళ్ళు, నడిమధ్య నడుము మీద చెయ్యి పెట్టుకుని కాలిపా. తెల్లబండి బదులు ఉవాజు వస్తుంటే వాళ్ళకు అర్థం కాలేదు. కదల్లేదు. ఊటనీరు గడ్డకట్టిన చోట పిండిమంచు కింద నీలంగా మెరుస్తోంది.

ఆయన తన బండిని ఆపగలడు. గొలుసులు గీరుతున్నాయి, పట్టు తెలుస్తోంది. కానీ తను ఆగితే వెనకవాడు ఆగలేక గుద్దుతాడు, రెండు బండ్లూ కలిసి తాడు మీద పడతాయి. ఆగకపోతే ఆడవాళ్ళు ఉన్నారు.

"గట్టిగా పట్టుకో," అన్నాడు సాతీబాల్దితో. స్టీరింగు కొండవైపు తిప్పి, ఉవాజు ముక్కును గట్టు మంచులోకి నిదానంగా దూర్చాడు. మూతి మంచులో కూరుకుపోయింది, తోక రోడ్డుకు అడ్డంగా నిలిచింది. బండి గోడైంది.

తుమోన్‌బాయ్ బ్రేకు మీద నిలబడ్డాడు. కాలి కింద బ్రేకు కటకటలాడింది గానీ బండి ఆగలేదు. నది మీద మంచుపలక జరిగినట్టు, తొందర లేకుండా, ఆపేవాడు లేకుండా జారి వచ్చి, ఉవాజు వెనక తలుపుకు వేలాడే స్పేరు టైరును ధడ్‌మని తగిలింది. గొలుసుల బండి కొంచెం నెట్టుకుపోయి నిలిచింది. ఒక దీపం పగిలింది. మలుపు మీద మిగతా బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిన శబ్దం వచ్చింది.

ముందు కాలిపా గొంతు లేచింది. "వచ్చావా వియ్యంకుడా! కొడుకు పెళ్ళి రోజు దారికి అడ్డం బండి పెట్టడానికి వచ్చావా! నీ పిల్లను నువ్వే..."

తాడు కొస చేతిలో పట్టుకునే ఆయన మీదకు బయల్దేరింది. వంతెన దాటి ఊటమంచు మీద రెండో అడుగు వేయగానే కాళ్ళు ఆకాశంలోకి లేచాయి. కూలబడింది. తాడు వదల్లేదు కాబట్టి వెనకున్న ఇద్దరు ఆడవాళ్ళనూ లాక్కుని కిందికి జారి, వంతెన అంచుకు తగిలి ఆగింది. ఆ కూర్చున్నచోటి నుంచి, నేలబారుగా, పైకి చూసింది. రోడ్డంతా గాజులా మెరుస్తోంది. దాని చివర, అడ్డంగా నిలిచిన ఉవాజు వెనక, తన మీదకే గురిపెట్టినట్టు, తెల్లబండి.

తర్వాత అడిగింది.

"ఇక్కడ నీళ్ళు ఎవరు పోశారు? రాత్రి వచ్చి నువ్వే పోశావా?"

ఇవాళ్టికీ టాష్-బులాక్‌లో సగంమంది ఆయనే పోశాడని నమ్ముతారు. మనిషి జాగ్రత్త పడ్డాడనడం కంటే కుట్ర చేశాడనడం సులువు. అలాంటి కథకు వినేవాళ్ళూ ఎక్కువ.

షార్షెనాలి తెల్లబండి దగ్గరకు, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళాడు. అత్తవారి ఊరి పొలిమేరకు వచ్చాక కొత్త పెళ్ళికూతురు దిగకూడదు, మాట్లాడకూడదు. కిటికీ అద్దం నాలుగు వేళ్ళ మందం దిగింది.

"బెల్టు?" అన్నాడు తండ్రి.

"పెట్టుకున్నా. పెళ్ళిబట్టలు నలుగుతాయని పిన్నమ్మలు తిట్టారు," అంది ఐజార్కీన్ ముసుగులోంచి. తర్వాత ఇంకా మెల్లగా, "నాన్నా, దిగినంతసేపూ మామయ్య కాలు బ్రేకు మీదే ఉంది. గేరు ఒక్కసారి కూడా మార్చలేదు."

"మరి నాకు ఫోను చెయ్యొచ్చుగా?" అన్నాడు తండ్రి.

"నువ్వు ముందు ఉన్నావుగా."

అద్దం పైకి లేచింది. ఆయన అక్కడే ఇంకాసేపు నిలబడ్డాడు. ముక్కు తుడుచుకోవడం చలికేనని సాతీబాల్ది సాక్ష్యం.

ఇక ఉవాజును బయటికి తియ్యాలి. అది కదిలితే తప్ప పెళ్ళి కదలదు. తుమోన్‌బాయ్ పగిలిన దీపం వంకా, టైర్ల వంకా, ఆడవాళ్ళు నిలబడిన చోటు వంకా చూసి, మొదటిసారి మీట సంగతి ఎత్తకుండా "ఏం చెయ్యమంటారు బైకే?" అన్నాడు. ఇళ్ళల్లోంచి పొయ్యి బూడిద తెప్పించమన్నాడు షార్షెనాలి. ఆడవాళ్ళు పళ్ళేలతో తెచ్చి చక్రాల కింద, వంతెన దాకా చల్లారు. కట్టడానికి తాడు కావాలి. ఉన్న తాడు ఒక్కటే. కాలిపా దాన్ని చేతికి ఇవ్వలేదు. తనే మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్రగుడ్డలతో సహా, ఒక కొస ఉవాజుకూ ఒక కొస తమ్ముడి బండికీ కట్టింది.

తుమోన్‌బాయ్ సీటులో కూర్చున్నాడు. షార్షెనాలి చెయ్యి ఎత్తి ఆపాడు.

"ముడి ఎవరు వేశారు?"

"నేనే," అంది కాలిపా. "ఏం, అనుమానమా?"

ఆయన వంగి ముడి విప్పాడు. చేతి తొడుగులు తీసి, వేళ్ళు కొంకర్లు పోతుండగా, మళ్ళీ తన పద్ధతిలో కట్టాడు. రెండుసార్లు గుంజి చూసి లేచి నిలబడ్డాడు.

కాలిపా ఆయన్ను పక్కకు జరిపి, వంగి, ఆ ముడిని తనూ ఒకసారి గుంజి చూసుకుంది.

"ఇప్పుడు లాగమను," అంది.